ఇంటి ముందు శిథిల మఠం: హాలోవీన్ రాత్రికి మొండిగోడలు కట్టే పద్ధతి

అక్టోబరు 31న వచ్చే హాలోవీన్ అనే దయ్యాల పండగ కోసం, అక్టోబరు మొదలయ్యేసరికే అమెరికా శివారు కాలనీల్లో ఇంటింటి ముందూ గాలి నింపిన దయ్యాలు, ప్లాస్టిక్ అస్థిపంజరాలు, నారింజ రంగు దీపాల తీగలు వెలుస్తాయి. గాలి బొమ్మలు రాత్రి ఎంత భయపెట్టినా, మోటారు ఆపేసిన పగటిపూట పచ్చికలో తడిసిన దుప్పట్లలా పడి ఉంటాయి. మొండిగోడల అలంకరణకు ఆ ఇబ్బంది లేదు. పైకప్పు కూలిన ఒక మఠపు గోడ, ఖాళీ కిటికీ కమాను, దాని పాదాల దగ్గర రాలిపడిన రాళ్లు పగలు చూసినా నమ్మేటట్టుంటాయి, చీకటి పడ్డాక ఒకటి రెండు దీపాలతోనే దడ పుట్టిస్తాయి. ఫోమ్ బోర్డు, నీటి పెయింటు, కొన్ని ఇనుప చువ్వలు ఉంటే, కొంచెం ఓపికతో ఎవరైనా దీన్ని కట్టుకోవచ్చు. అయితే ఒక్క సూత్రాన్ని మాత్రం చివరిదాకా మరచిపోకూడదు. శిథిలం ఒకప్పుడు నిండుగా నిలిచిన కట్టడం కనుక, ముందు కాగితం మీద పూర్తి కట్టడాన్ని గీసి, ఆ తర్వాతే దాన్ని కూల్చాలి. మొదటినుంచే వంకరటింకర ముక్కలుగా కోసుకుంటూ పోయిన గోడ విరిగిన ఫోమ్ బోర్డులా కనిపిస్తుందే తప్ప కూలిన రాతిగోడలా కనిపించదు.

ఏ శిథిలాన్ని కట్టాలి

హాలోవీన్‌కు అందరికీ తోచే శిథిలం గోథిక్ మఠం, అంటే మొనదేలిన కమానులతో కట్టిన మధ్యయుగపు క్రైస్తవ మఠం. ఇంగ్లండ్‌లోనూ వేల్స్‌లోనూ అలాంటివి అన్ని ఉండటానికి చారిత్రక కారణం ఉంది. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ 1536 నుంచి 1541 వరకు మఠాలను మూయించి, వాటి ఆస్తులను స్వాధీనం చేసుకున్నాడు. పైకప్పుల మీది సీసపు రేకులను ఊడదీసి అమ్ముకోవడంతో వాన లోపలికి దిగి దూలాలు కుళ్లిపోయాయి, చుట్టుపక్కల జనం చెక్కిన రాళ్లను సొంత కట్టడాలకు తరలించుకుపోయారు. వేల్స్‌లోని టింటర్న్, యార్క్‌షైర్ తీరంలోని విట్బీ ఇప్పటికీ అలా కప్పులేని గోడలతోనే నిలిచి ఉన్నాయి. ఈ క్రమాన్ని గుర్తుంచుకుంటే మన గోడ ఎలా ఉండాలో దానంతట అదే తెలుస్తుంది: కప్పు ఉండదు, చెక్క తలుపులు ఉండవు, కిటికీల్లో అద్దాలు ఉండవు, పై అంచు మెట్లు మెట్లుగా తెగి ఉంటుంది, కింద పడిన రాళ్లలో కొన్ని ఎవరో పట్టుకుపోయినట్టు తక్కువపడతాయి.

ఉత్తుత్తి శిథిలాలు కట్టించుకునే సరదా కూడా కొత్తదేమీ కాదు. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండ్ జమీందార్లు తమ తోటల్లో పనిగట్టుకుని పాడుబడిన కోటలను కట్టించుకున్నారు. వోర్సెస్టర్‌షైర్‌లోని హాగ్లీ తోటలో శాండర్సన్ మిల్లర్ 1740లలో నిర్మించిన ఉత్తుత్తి కోట వాటిలో పేరుపొందింది. మనం అదే పనిని రాయికి బదులు ఫోముతో, నెల రోజుల కోసం చేస్తున్నామంతే.

గండికోటకో గోల్కొండకో హంపికో వెళ్లినప్పుడు తీసిన ఫోటోలు ఫోనులో ఉంటే ఒకసారి తిరగేయండి. గోడ ఎక్కడ ముందు విరుగుతుంది, ఏ సందులోంచి రావి మొక్క మొలుస్తుంది, వాన నీరు ఎక్కడ నల్లని చారలు వేస్తుంది అన్నవి ఏ దేశపు రాతికైనా దాదాపు ఒక్కటే కాబట్టి అవి మంచి పాఠాలు. అయితే గోపురాన్నో మండపాన్నో యథాతథంగా దించి దాని పక్కన అస్థిపంజరాలను నిలబెట్టడం మాత్రం నాకు సమ్మతం కాదు. ఒకరు పూజించే రూపం మరొకరికి దయ్యాల కొంపగా కనబడటం బాగుండదు. ఆ లెక్కన మఠం గోడ మీద కూడా శిలువ పెట్టకుండా, మొన తేలిన కమానుతో సరిపెట్టడమే మర్యాద, ఆ కమాను ఒక్కటే కావలసిన భావాన్ని కలిగిస్తుంది.

స్థలం, అనుమతి, కాలం

ముందుగా వీధిలోకి వెళ్లి, మీ ఇంటికి ఎదురుగా నిలబడి, ఒకసారి పిల్లల ఎత్తుకు వంగి చూడండి. గోడను ఎక్కడ నిలబెడితే వీధి నుంచి కమానులోంచి చీకటి కనిపిస్తుందో అదే సరైన చోటు. తెల్లని గరాజు తలుపు ముందు నిలబెడితే ఎంత బాగా చేసినా బొమ్మలాగే ఉంటుంది, పొదల ముందో చెట్ల ముందో అయితే సగం పని చెట్లే చేసిపెడతాయి. మిఠాయిల కోసం వచ్చే పిల్లలు నడిచే దారిని కనీసం నాలుగు అడుగుల వెడల్పున ఖాళీగా వదలండి. పొడవాటి అంగీలు, ముఖానికి ముసుగులు వేసుకుని వచ్చే పిల్లలకు కాళ్ల కింద ఏముందో కనిపించదు కనుక ఆ దారికి అడ్డంగా ఒక్క తీగ కూడా పోకూడదు.

కాలనీ సంఘం ఉన్నచోట పండగ అలంకరణలు ఎప్పుడు పెట్టవచ్చు, ఎప్పటికల్లా తీసేయాలి అన్న నియమాలు సాధారణంగా ఉంటాయి, వాటిని చదవండి. ఇంకా ముఖ్యమైనది నేలలో చువ్వలు దిగగొట్టే ముందు 811కు ఫోను చేయడం. అమెరికా అంతటా ఈ సేవ ఉచితం. కొద్ది పనిదినాల ముందే చెబితే గ్యాసు, కరెంటు, కేబులు లైన్లు ఎక్కడెక్కడ పోతున్నాయో వచ్చి గుర్తు పెట్టి వెళ్తారు. అయితే పచ్చికకు నీళ్లు చల్లే స్ప్రింక్లర్ గొట్టాలు ఇంటివారి సొంతం కనుక వాటిని వారు గుర్తించరు. అవి చాలా లోతు తక్కువలో ఉంటాయి కాబట్టి స్ప్రింక్లర్ తలలను చూసుకుని, వాటిని కలిపే వరుసకు దూరంగా చువ్వ దించాలి.

కాలం విషయానికి వస్తే, సెప్టెంబరు మొదట్లో లేబర్ డే వారాంతంలో మొదలుపెట్టినవారికి హడావిడి ఉండదు. నీటి పెయింట్లలో చాలావాటికి ఆరేటప్పుడు 50 డిగ్రీల ఫారెన్‌హీట్ పైన వేడి కావాలి. ఉత్తరాది రాష్ట్రాల్లో అక్టోబరు రాత్రులు అంతకంటే చల్లబడతాయి గనుక కోత, రంగుల పని సెప్టెంబరులోనే ముగించి, అక్టోబరు మధ్యలో నిలబెట్టుకోవడం మేలు.

ఏమేమి కావాలి

ప్రధాన సరుకు ఇళ్ల గోడలకు చలి తగలకుండా వేసే ఎక్స్‌పీఎస్ ఫోమ్ బోర్డు. హోమ్ డిపో, లోస్ వంటి దుకాణాల్లో గులాబీ రంగులోనో నీలం రంగులోనో నాలుగు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవు షీట్లుగా దొరుకుతుంది. రెండు అంగుళాల మందం మన పనికి సరిగ్గా సరిపోతుంది. చలి తక్కువ ఉండే రాష్ట్రాల దుకాణాల్లో అంత మందం ఎప్పుడూ ఉండకపోవచ్చు, అప్పుడు అంగుళం షీట్లు రెండు అంటించుకోవచ్చు. ఐస్ పెట్టెల్లో వాడే తెల్లటి పూసల ఫోము చవకే గాని, కోసినచోటల్లా పూసలు రాలి పచ్చికంతా చెల్లాచెదురవుతాయి, రాతి అంచు కూడా పదునుగా రాదు. రాలిపడిన బండలకు మాత్రం, పార్సిళ్లలో వచ్చిన ఆ తెల్ల ఫోమునే వాడుకోవచ్చు.

జిగురు కొనేటప్పుడు ఫోముకు పనికివస్తుందని డబ్బా మీద రాసి ఉన్నదే తీసుకోండి, లాక్‌టైట్ పీఎల్ 300 అటువంటిది. మామూలు స్ప్రే పెయింట్లలోని ద్రావకాలు ఈ ఫోమును తినేస్తాయి. కొందరు కావాలనే అలా చల్లి గుంతలు చేస్తారు గాని, ఆ పొగ పీల్చదగినది కాదు, గుంతలు కూడా రాతికి పడే గుంతల్లా ఉండవు. ఇంటి బయట వేసే నీటి పెయింటే వాడండి. ఎవరో రంగు కలిపించుకుని వద్దని వదిలేసిన డబ్బాలను పెయింటు కౌంటరు దగ్గర తక్కువ ధరకు పెడుతుంటారు, బూడిద రంగుకు దగ్గరగా ఏది దొరికినా తీసుకోవచ్చు. వీటితోపాటు పొడవైన బ్లేడు కట్టరు, తీగ బ్రష్షు, సాల్డరింగ్ ఐరన్, వీలైతే హీట్ గన్ (వేడిగాలి ఊదే పరికరం), అరంగుళం పీవీసీ గొట్టాలు, అరంగుళం ఇనుప చువ్వలు కావాలి.

కమాను గీయడం

గోథిక్ కమాను గీయడానికి చిత్రకారులు కానక్కర్లేదు, ఒక తాడు, ఒక పెన్సిలు చాలు. షీటును నిలువుగా, అంటే ఎనిమిది అడుగులు ఎత్తు వచ్చేలా ఊహించుకోండి. మధ్యలో 30 అంగుళాల వెడల్పు ద్వారం వదిలితే అటూ ఇటూ తొమ్మిదేసి అంగుళాల గోడ మిగులుతుంది. ద్వారపు రెండు నిలువు గీతలను కింది నుంచి 48 అంగుళాల ఎత్తు వరకు తీసుకువెళ్లి ఆపండి. ఆ రెండు కొసలే కమాను పుట్టే బిందువులు. ఎడమ బిందువు దగ్గర తాడు కొసను అదిమిపట్టి, 30 అంగుళాల పొడవున పెన్సిలు కట్టి, కుడి బిందువు నుంచి పైకి వంపు గీయండి. తర్వాత కుడి బిందువు దగ్గర పట్టుకుని ఎడమ నుంచి గీయండి. రెండు వంపులు సుమారు 26 అంగుళాల పైన మొన దగ్గర కలుసుకుంటాయి. అంటే మొన నేల నుంచి ఆరు అడుగుల రెండు అంగుళాల ఎత్తున ఉంటుంది, దానిపైన ఇంకా 22 అంగుళాల షీటు కూల్చుకోవడానికి మిగులుతుంది.

ఇప్పుడు ఆ వంపు చుట్టూ ఆరేడు అంగుళాల దూరంలో ఇంకో వంపు గీసి, మధ్యలోని పట్టీని కమాను రాళ్లుగా విడగొట్టాలి. చూసేవారికి ఎక్కడ తేడా ఉందో చెప్పడం తెలియకపోయినా, ఈ రాళ్ల సందులు తప్పుగా ఉంటే గోడ అబద్ధమని వెంటనే అనిపిస్తుంది. సందులు అన్నీ ఆ వంపు గీసిన కేంద్రం వైపే చూడాలి. కుడివైపు వంపును ఎడమ బిందువు నుంచి గీశాం కాబట్టి కుడివైపు రాళ్ల సందులన్నీ ఎడమ బిందువు వైపు తిరుగుతాయి, ఎడమవైపువి కుడి బిందువు వైపు తిరుగుతాయి. తాడునే మళ్లీ బిగించి పట్టుకుని దాని వెంట గీతలు గీస్తే సరిపోతుంది. మొన దగ్గర గుండ్రటి కమానుకు ఉన్నట్టు మధ్యరాయి పెట్టకుండా, రెండు వైపుల రాళ్లు ఒక నిలువు సందు దగ్గర కలిసేలా వదలండి.

మిగిలిన గోడను అడ్డ వరుసలుగా గీయండి. పునాది దగ్గర తొమ్మిది పది అంగుళాల ఎత్తు వరుసలు, పైకి పోయే కొద్దీ ఆరు ఏడు అంగుళాలు ఉంటే గోడ బరువుగా కూర్చున్నట్టు అనిపిస్తుంది. ఒక వరుసలోని నిలువు సందు కింది వరుసలోని నిలువు సందు మీదికి రాకూడదని ఏ తాపీమేస్త్రీని అడిగినా చెబుతాడు. రాళ్ల పొడవులు మాత్రం ఒకేలా ఉండనివ్వకండి.

రాయిలా కోయడం

సందులను బ్లేడుతో రెండువైపులా వాలుగా కోసి సన్నని కాలువలా తీయవచ్చు, లేదా సాల్డరింగ్ ఐరన్‌తో గీత వెంట లాగుతూ కరిగించవచ్చు. కరిగించే పద్ధతి వేగమైనది, అంచులు సహజంగా గుండ్రపడతాయి, కాని కాలిన ఫోము పొగ ఒంటికి మంచిది కాదు. కనుక గరాజు తలుపు పూర్తిగా తెరిచి, ఫ్యాను బయటికి పెట్టి, సేంద్రియ ఆవిరిని ఆపే ఫిల్టర్లున్న మాస్కు పెట్టుకుని చేయాలి. దుమ్ము ఆపే మామూలు మాస్కు పొగను ఆపదు. సందు లోతు అంగుళంలో మూడో వంతైనా ఉండాలి, అంతకన్నా తక్కువైతే రాత్రి నీడ పట్టదు.

తర్వాత ప్రతి రాయి ముఖం మీదా పని చేయాలి. తీగ బ్రష్షుతో ఒకే దిక్కున కాకుండా అటూ ఇటూ రుద్దండి, అక్కడక్కడ అంచులను వేళ్లతో గిల్లి విరగ్గొట్టండి, అల్యూమినియం రేకును ఉండగా నలిపి ముఖం మీద గట్టిగా ఒత్తి దొర్లించండి. ఈ రేకు ఉండ ఒత్తిడికి పడే చిన్న చిన్న గుంతలు ఇసుకరాయి పైభాగాన్ని అచ్చుగుద్దినట్టు చూపిస్తాయి, ఏ ఖరీదైన పనిముట్టూ ఇంత బాగా చేయదు. చివరగా హీట్ గన్‌ను అడుగు దూరంలో ఆడిస్తూ తీసుకువెళ్తే ఫోము పైపొర బిగుసుకుని, కోతల్లో మిగిలిన నూగు కరిగిపోతుంది. ఒకే చోట నిలిపితే చిల్లు పడుతుంది.

కూల్చడం

గోడ రాయి మధ్యలో పగలదు, సందుల వెంట విడిపోతుంది. కనుక పై అంచును కోసేటప్పుడు రంపపు పళ్లలాంటి గీతలు కాకుండా, రాళ్ల వరుసలను అనుసరిస్తూ మెట్లు మెట్లుగా దిగండి. రెండు మూడు చోట్ల మాత్రం సగం విరిగిన రాయి ఉంటే చాలు. కమాను విషయంలో ఒక నిజం గుర్తుంచుకోవాలి: రెండు వైపులా ఒకదానినొకటి నెట్టుకుంటేనే కమాను నిలుస్తుంది, ఒక వైపు పోతే రెండో వైపు ఎక్కువ దూరం గాలిలో వేలాడలేదు. కాబట్టి కమానును పూర్తిగా ఉంచి చుట్టూ గోడను కూల్చండి, లేదా ఒక వైపు పుట్టుక బిందువు మీద రెండు మూడు రాళ్లు మాత్రమే మిగిల్చి తక్కినదంతా పడగొట్టండి. నా ఓటు మొదటిదానికే, ఎందుకంటే రాత్రి వెలుగులో నిండు కమాను చీకటిని చీల్చుకుని కనిపించినట్టు సగం కమాను కనిపించదు.

కోసి తీసిన ముక్కలను పారేయకండి. ద్వారం లోపలి నుంచి వచ్చిన ఫోముతోనే రాలిన రాళ్లు తయారవుతాయి. విడి రాయి రెండంగుళాల మందంలో కనిపిస్తే పలకలా ఉంటుంది కనుక మూడు నాలుగు ముక్కలు ఒకదాని మీద ఒకటి అంటించి, గోడలోని రాళ్ల కొలతకే కోయండి. గోడ అంచులకూ ఇదే సమస్య వస్తుంది. ద్వారపు లోపలి అంచు వెంబడి వెనకవైపు ఆరు అంగుళాల పట్టీలు అడ్డంగా అంటిస్తే, వీధి నుంచి ఏటవాలుగా చూసేవారికి ఎనిమిది అంగుళాల మందం రాతిగోడలా కనిపిస్తుంది. ఈ ఒక్క పనికి పట్టే సమయం ఒక పూటే అయినా, ఫలితంలో సగం దీనిదే.

రంగులు

మొదటి పూత మందంగా, ముదురు బూడిద రంగులో వేయాలి. బేస్‌మెంట్ గోడలకు వేసే డ్రైలాక్ అనే పూతలో సహజంగానే గరుకుదనం ఉంటుంది కనుక హాలోవీన్ సమాధులు చేసేవారు దానిలో నల్లరంగు కలిపి వాడతారు. అది లేకపోతే నీటి పెయింటులో సన్నని ఇసుక కలపండి. సందుల్లోకి బ్రష్షు కొసతో పొడిచి పొడిచి నింపాలి, గులాబీ చుక్క ఒక్కటి మిగిలినా పట్టపగలు బయటపడుతుంది.

రెండో పూతకు వెడల్పు బ్రష్షును లేత బూడిద రంగులో ముంచి, దాదాపు ఆరిపోయేదాకా అట్ట మీద తుడిచేసి, రాతి ముఖాల మీద తేలికగా రాయాలి. రంగు ఎత్తైన చోట్లే అంటుకుని, సందులు, గుంతలు నల్లగా మిగులుతాయి. కొన్ని రాళ్లకు ఇటుక ధూళి రంగు, కొన్నింటికి మట్టి పసుపు తగిలించండి, అన్నీ ఒకే బూడిద రంగయితే సిమెంటు దిమ్మెల గోడ అవుతుంది. మూడోసారి ఇంకా లేత రంగును పై అంచులకు మాత్రమే తగిలించాలి.

ఆ తర్వాత అసలు వయసు వచ్చే పని. ఒక వంతు నల్ల పెయింటును ఎనిమిది పది వంతుల నీటిలో కలిపి, స్ప్రే సీసాలో పోసి, గోడను నిలబెట్టి పై అంచు నుంచి కొట్టండి. నీరు దారులు కట్టి కిందికి జారుతుంది, వందల ఏళ్ల వానలు చేసే పని అదే. కిటికీ ఉంటే దాని గట్టు కింద, విరిగిన మెట్ల కింద ఎక్కువ కొట్టండి. అడుగు భాగానికి అలాగే పలుచని ఆకుపచ్చ, మట్టి రంగులు. నాచు నీడలో, తడిలో పెరుగుతుంది గనుక కమాను మొన మీద ఆకుపచ్చ పూయవద్దు.

నిలబెట్టడం, గాలిని తట్టుకోవడం

ఫోము తేలిక కాబట్టి చులకనగా తీసుకునేవారు మొదటి గాలికే గోడను పక్కింటి యార్డులో వెతుక్కోవలసి వస్తుంది. నిండు షీటు వైశాల్యం 32 చదరపు అడుగులు. గంటకు 30 మైళ్ల గాలి దాన్ని సూటిగా ఎదురుగా తాకితే పడే ఒత్తిడి 75 పౌండ్లకు తగ్గదు, గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. కమాను ఖాళీ కొంత గాలిని వదిలేస్తుంది గాని దాన్నే నమ్ముకోలేం.

గోడ వెనకవైపు ఇరుపక్కలా నిలువుగా అంగుళం లోతు కాలువ తీసి, అందులో అరంగుళం పీవీసీ గొట్టాన్ని జిగురుతో బిగించండి. ఈ గొట్టం బయటి కొలత అంగుళంలోపే కాబట్టి పూర్తిగా మునిగిపోతుంది, లోపలి రంధ్రంలో అరంగుళం చువ్వ హాయిగా దూరుతుంది. నాలుగు అడుగుల చువ్వలను రెండు అడుగులు నేలలోకి దిగగొట్టి, మిగిలిన రెండు అడుగుల మీద గోడను దించితే సరి. ఇంత ఎత్తు గోడకు ఇది ఒక్కటే చాలదు. మూడింట రెండు వంతుల ఎత్తున వెనకవైపు ఒక చెక్క పట్టీని అడ్డంగా అంటించి, దానికి రెండు ఏటవాలు చెక్కలను మర బిగించి, నాలుగు అడుగుల వెనక మేకులకు కట్టి, కాళ్ల మీద ఇసుక సంచులు వేయండి. ఖాళీగా నిలిచిన చువ్వ కొస ఏదైనా ఉంటే ప్లాస్టిక్ టోపీ తొడగాలి. పెద్ద గాలివాన సూచన ఉన్న రోజున గోడను చువ్వల నుంచి పైకి లాగి పడుకోబెట్టడం అన్నిటికన్నా తెలివైన పని, అందుకు వీలుగానే గొట్టం పద్ధతిని చెప్పాను.

రెండో గోడ కట్టే ఓపిక ఉంటే దాన్ని వెనక ఆరేడు అడుగుల దూరంలో, మొదటిదానికన్నా పొట్టిగా, చిన్న రాళ్లతో కట్టండి. వీధి నుంచి చూసేవారికి అది చాలా దూరంలో ఉన్నట్టు తోచి, చిన్న యార్డు కూడా లోతుగా కనిపిస్తుంది.

రాళ్లు, తీగలు, సమాధులు

రాలిన రాళ్లను గోడకు దగ్గరగా ఎక్కువగా, దూరం పోయే కొద్దీ తక్కువగా పరచండి. పచ్చిక మీద ఊరికే పెట్టిన రాయి నిన్ననే తెచ్చినట్టు ఉంటుంది, అడుగు భాగాన్ని వాలుగా కోసి పెడితే సగం భూమిలో కూరుకున్నట్టు అనిపిస్తుంది. అక్టోబరులో రాలే ఆకులను ఊడ్చి సంచుల్లో కట్టకుండా రాళ్ల మూలల్లోకి నెట్టండి, వీటిని మించిన అలంకరణ ఏ దుకాణంలోనూ దొరకదు.

ఎండు తీగల కోసం చెట్ల మీదికి చేయి చాచేముందు మాత్రం ఆగండి. అమెరికాలో చాలాచోట్ల పెరిగే పాయిజన్ ఐవీ తీగకు మూడేసి ఆకులు గుత్తిగా ఉంటాయి, శరదృతువులో ఎర్రబడి ముచ్చటగా కనిపిస్తాయి. ఆకులు రాలి ఎండిన తీగలో కూడా దాని నూనె మిగిలి ఉండి, తాకినచోట దద్దుర్లు, బొబ్బలు తెప్పిస్తుంది. ముదురు తీగకు వెంట్రుకల్లాంటి వేళ్లు దట్టంగా ఉంటాయి. మీకు కచ్చితంగా తెలిసిన ద్రాక్ష తీగ తప్ప మరేదీ కోయకండి, లేదంటే జనపతాడును పురులు విప్పి, గోధుమ రంగు నీటిలో ముంచి ఆరేస్తే తీగల లోటు తీరుతుంది.

సమాధి ఫలకాలు మూడు నాలుగుకు మించవద్దు, అవి కూడా ఒక్కొక్కటి ఒక్కో వైపు ఒరగాలి. పేర్లు చెక్కాలనుకుంటే ఇరుగుపొరుగు పేర్లు వద్దు, సగం చెరిగిపోయిన అక్షరాలే బాగుంటాయి. అస్థిపంజరం ఒక్కటి చాలు, అది కూడా రాళ్ల కింద నుంచి చేయి మాత్రం కనిపించేలా. 2020లో హోమ్ డిపో 299 డాలర్లకు తెచ్చిన పన్నెండు అడుగుల అస్థిపంజరం ఇప్పుడు వీధికొకటి కనిపిస్తోంది. అది మీ ఇంట్లో కూడా ఉంటే దయచేసి ఈ ఏడాదికి పెరట్లో నిలబెట్టండి. ఎనిమిది అడుగుల గోడ పక్కన అది నిలబడితే మఠం బొమ్మరిల్లయిపోతుంది.

వెలుగు

ఎదురుగా ఫ్లడ్ లైటు వేస్తే అంతసేపు చెక్కిన సందులన్నీ చదునైపోతాయి. దీపాన్ని గోడకు పక్కగా, నేల మీద, అడుగు దూరంలో పెట్టి వెలుగు రాళ్ల మీదుగా రాసుకుంటూ పోయేలా తిప్పండి. ప్రతి గరుకూ నీడ విసురుతుంది. కమాను వెనక నేల మీద ఒక నీలి ఎల్ఈడీ దీపం పెడితే ద్వారం చుట్టూ ఆకారం తేలి, లోపల ఏదో ఉన్నట్టు అనిపిస్తుంది. ముందువైపు ఒక మూల మినుకుమినుకుమనే కాషాయపు దీపం. ఈ రెండు రంగులు చాలు, ఆకుపచ్చ, ఊదా, ఎరుపు అన్నీ కలిపితే జాతర అవుతుంది. దీపాలను రాలిన రాళ్ల వెనక దాచండి. గుమ్మం దీపం మాత్రం వెలుగుతూనే ఉండాలి, ఆ ఇంట్లో మిఠాయిలు ఇస్తారని పిల్లలకు తెలిసే గుర్తు అదే.

బయట వాడదగినవని రాసి ఉన్న ఎక్స్‌టెన్షన్ కార్డులనే వాడి, జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైన వెంటనే దానంతట అదే ఆపేసే పరికరం) రక్షణ ఉన్న ప్లగ్గుకే కలపండి. గరాజులో రెండో ఫ్రిజ్ పెట్టుకునే మన ఇళ్లలో ఒక జాగ్రత్త అవసరం. చాలా ఇళ్లలో బయటి ప్లగ్గులు, గరాజు ప్లగ్గులు ఒకే జీఎఫ్‌సీఐ మీద ఉంటాయి. వాన తడికి అది పడిపోతే తెల్లారేసరికి ఫ్రీజరులోని సరుకంతా కరిగిపోతుంది. ముందే పరీక్ష బటన్ నొక్కి ఏవేవి ఆగుతున్నాయో చూసుకోండి.

పొగమంచు

పొగ యంత్రం నుంచి వచ్చే పొగ వేడిగా ఉండి పైకి లేచిపోతుంది, శిథిలానికి కావలసింది నేలను పట్టుకుని పాకే పొగ. ఒక ఐస్ పెట్టెకు ఒక పక్క పైభాగాన, ఎదుటి పక్క అడుగుభాగాన రంధ్రాలు చేసి, మధ్యలో జాలీ మీద ఐసు నింపి, పొగను పై రంధ్రంలోంచి పంపితే చల్లబడి కింది రంధ్రం నుంచి బరువుగా బయటికి వస్తుంది. యంత్రం మూతిని రంధ్రానికి బిగించకుండా రెండు మూడు అంగుళాల సందు వదలాలి. గాలి ఎటు నుంచి వీస్తుందో చూసి ఆ వైపునే పెట్టండి, గాలి బలంగా ఉన్న రోజున ఎంత పొగ వదిలినా నిలవదు. 120 వోల్టుల, 15 ఆంపియర్ల లైను మీద గంటల తరబడి 1440 వాట్లకు మించి వాడకూడదు కనుక, వెయ్యి వాట్ల పొగ యంత్రానికి విడి లైను చూడండి. గుమ్మం మెట్ల మీదికి పొగ పాకనివ్వవద్దు, ఉబ్బసం ఉన్న పిల్లలు వచ్చినప్పుడు కాసేపు ఆపడం మంచిది.

నిప్పు, దీపావళి

ఈ ఫోము అంటుకుంటే కరిగి కారుతూ, దట్టమైన నల్లపొగతో వేగంగా మండుతుంది, పైన వేసిన పెయింటు దాన్ని ఆపలేదు. గుమ్మడికాయల్లో కొవ్వొత్తులకు బదులు బ్యాటరీ దీపాలే పెట్టాలి. మన ఇళ్లకు దీనితోపాటు మరో సంగతి ఉంది. దీపావళి కొన్ని ఏళ్లలో హాలోవీన్‌కు ఆనుకుని వస్తుంది. 2024లో అమెరికాలో రెండూ అక్టోబరు 31నే జరిగాయి, 2027లో కూడా దీపావళి అక్టోబరు నెలాఖరులోనే వస్తుంది. అలాంటి ఏడు ప్రమిదలను గుమ్మం లోపలో పెరటి వసారాలోనో వెలిగించుకుని, మొండిగోడలు, ఎండుటాకులు ఉన్న ముందు యార్డులో నూనె దీపం గాని కాకరపువ్వొత్తి గాని లేకుండా చూసుకోవాలి. వెలుగుల పండగ రోజున ఇంటి ముందు సమాధులు ఉండటం పెద్దవాళ్లకు నచ్చకపోతే, ఆ ఏడాది సమాధులు, ఎముకలు మానేసి ఉత్త మొండిగోడ, తీగలు, పొగతో సరిపెట్టవచ్చు. నిజానికి అదే ఎక్కువ అందంగా ఉంటుందని నా అభిప్రాయం.

తీసి దాచడం

నవంబరు మొదటి వారాంతంలో పొడిగా ఉన్న రోజు చూసి గోడలను చువ్వల మీద నుంచి ఎత్తండి, చువ్వలను మెలితిప్పుతూ పైకి లాగండి, రంధ్రాల్లో మట్టి నింపండి. పొగ యంత్రాన్ని దాచేముందు దానిలో మిగిలిన ద్రవాన్ని పారబోసి, తయారీదారు చెప్పిన పద్ధతిలో శుభ్రం చేయండి. ఫోము ముక్కలను తడి పూర్తిగా ఆరాక, రంగు ముఖాలు ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలో పాత దుప్పటి వేసి, గరాజు గోడకు నిలువుగా చేరవేయండి. వాటర్ హీటరుకు, ఫర్నేసుకు మాత్రం దూరంగా ఉంచాలి. ప్రతి ముక్క వెనకా ఎడమ, కుడి, ఏ గోడకు చెందినది అన్నది మార్కరుతో రాసి పెట్టుకుంటే వచ్చే సెప్టెంబరులో కొత్త గోడ మీద పని నేరుగా మొదలుపెట్టవచ్చు.